డాక్టరు చేతికి తొడుగు, రోగికి గౌరవం



మిల్లులో చెయ్యి తెగినా, ఇంట్లో కోడలికి నొప్పులు వచ్చినా మనలో చాలామంది పరుగెత్తేది సర్కారు దవాఖానాకే. అక్కడ మన నాడి ముందుగా పట్టేది తరచుగా పెద్ద డాక్టరు కాదు, శిక్షణలో ఉన్న హౌస్ సర్జన్. హెచ్.ఐ.వి. గురించి ఆ యువ డాక్టరుకు ఏమి తెలుసు, ఆ రోగిని ఏ కంట చూస్తాడు అన్నది కనుక మన సమస్యే.

తాకితే, ఒకే గ్లాసులో నీళ్లు తాగితే ఈ వ్యాధి అంటదని వారు చదువుకున్నారు. అయినా వార్డులోకి వచ్చేసరికి కొందరి చెయ్యి వెనక్కి పోతుంది. కేస్ షీటు మీద అందరికీ కనబడే గుర్తు, మంచం ఓ మూలకు, ఆపరేషన్ రేపటికి! ఆ అవమానం భరించలేక మందులకు పోవడం మానేసిన మనిషి ప్రాణానికి ఎవరు జవాబుదారీ?

సూది గుచ్చుకుంటుందన్న భయం అబద్ధం కాదు. కాని లెక్క చూడండి. వైరస్ ఉన్న రక్తం అంటిన సూది గుచ్చుకుంటే సోకే అవకాశం వెయ్యికి సుమారు 3. టీకా లేనివారికి హెపటైటిస్-బి ముప్పు ఇంతకు ఎన్నో రెట్లు. గుచ్చుకున్న వెంటనే, 72 గంటలు దాటకుండా మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే ఆ కొద్ది ముప్పూ చాలావరకు తప్పుతుంది. సోకిన తొలి రోజుల్లో వ్యాధి పరీక్షకు కూడా దొరకదు. గుర్తు పెట్టిన రోగి దగ్గరే గ్లౌజులు వేసుకునే డాక్టరు తనను తానే మోసగించుకుంటున్నాడు. ఎవరి రక్తమైనా సరే, జాగ్రత్త ఒకటే ఉండాలి.

తప్పంతా ఆ కుర్రవాళ్లదే అనం. మాస్కు ఇవ్వకుండా మనల్ని దూది ధూళిలో నిలబెట్టే యాజమాన్యానికీ, గ్లౌజులు ఇవ్వకుండా వారిని వార్డులోకి తోసే అధికారులకూ తేడా ఏమిటి? 1986లో మన దేశంలో హెచ్.ఐ.వి.ని మొదట కనుగొన్న పనిలో రక్త నమూనాలు సేకరించింది మద్రాసు వైద్య కళాశాల విద్యార్థిని సెల్లప్పన్ నిర్మలే. దారి చూపిన గురువు ప్రొఫెసర్ సునీతి సాలమన్. నేర్పే గురువు ఉంటే విద్యార్థి చేయలేనిది లేదు.

2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉన్న 2017 చట్టం ప్రకారం వైద్యంలో గాని, ఉద్యోగంలో గాని వివక్ష చూపడం నిషిద్ధం. చట్టం మినహాయించిన సందర్భాల్లో తప్ప సమ్మతి లేకుండా పరీక్ష చేయరాదు, రహస్యం బయటపెట్టరాదు. పని చేయగల కార్మికుణ్ణి హెచ్.ఐ.వి. ఉందన్న ఒక్క కారణంతో తొలగించరాదని బొంబాయి హైకోర్టు 1997లోనే తీర్పు చెప్పింది.

కాబట్టి మన కోర్కెలు ఇవి: ప్రతి హౌస్ సర్జనుకూ గ్లౌజులు, హెపటైటిస్ టీకా, సూది గుచ్చుకుంటే వెంటనే మందులు, వార్డులో చేతిమీద శిక్షణ. ప్రతి రోగికీ గౌరవం, గోప్యత.

డాక్టర్లను అడిగే ముందు మనల్ని మనమూ అడుగుదాం. పక్క సాంచా మీది సోదరుడికి ఈ వ్యాధి ఉందని తెలిస్తే అతనితో కలిసి చాయ్ తాగుతామా?

తాగుదాం. మార్పు మన కార్ఖానా గేటు దగ్గరే మొదలుకావాలి.