ఇప్పపువ్వుకు కేసు, వైన్స్‌కు లైసెన్సు

వానాకాలం వస్తే కుంటాల జలపాతానికి పట్నం కార్లు బారులు కడతయి. బిర్యానీ పొట్లాలు, బీరు సీసాలు వెంట తెచ్చుకుంటరు. ఖాళీ సీసాలు మనకు వదిలిపోతరు. ఇక్కడి తిండి ఏందని అడిగేటోళ్లు తక్కువ.

ఎండాకాలం మొదట్ల తెల్లారక ముందే రాలే ఇప్పపువ్వును ఏరి ఎండబెట్టుకునే గోండు ఇంట్ల అది తిండి, మందు, దేవునికి నైవేద్యం. సారా కూడా. అది కాస్తే మాత్రం ఆబ్కారీ కేసు! అదే దారిల వైన్స్‌కు సర్కారు లైసెన్సు.

గోవా తన జీడి ఫెనీకి 2009లనే భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నది. మధ్యప్రదేశ్ ఇప్పసారాను వారసత్వ మద్యమని ఆదివాసీ సంఘాల చేతికిచ్చింది. మన రాష్ట్రం 2014ల వచ్చింది. మన ఇప్పచెట్టుకు ఏం వచ్చింది?

సారా వద్దని కొట్లాడిన అక్కలున్నరు, వాళ్ల మాట మేం కాదనం. షెడ్యూల్డ్ ప్రాంతాల్ల మత్తు పదార్థాల అమ్మకాన్ని కట్టడి చేసే అధికారం 1996 పెసా చట్టం గ్రామసభకే ఇచ్చింది. సారా సంగతి ఊరే తేల్చుకుంటది. ఉట్నూరు ఆదివాసీ మహిళలు చేసే ఇప్ప లడ్డూకు, జొన్న గట్కకు జలపాతం కాడ జాగ ఇయ్యడానికి ఏ చట్టం అడ్డమొస్తది? రేపు హోటళ్లు కడితే ఆ కాంట్రాక్టు ఎవరికి పోతదో ఇప్పుడే అడుగుతున్నం.