పచ్చగా ఉంటే చాలా?

చెర్నోబిల్ అడవి మళ్లీ పచ్చబడిందంట. ఇక భయం లేదంట. ఈ మాట అనేవాళ్లు పెద్ద చదువులవాళ్లే. మేము అడుగుతున్నాం: పచ్చగా కనబడేదల్లా బాగున్నట్టేనా?

1986 ఏప్రిల్ 26న, అప్పటి సోవియట్ యూక్రెయిన్‌లో, చెర్నోబిల్ అణుకేంద్రం నాలుగో రియాక్టర్ పేలింది. దుమ్ము పడిన చోట పైన్ చెట్లు నిలువునా మాడి ఎర్రబారాయి. ఎర్ర అడవి అని పేరే పడిపోయింది. ఆ చెట్లను కూలగొట్టి గోతుల్లో పూడ్చారు. చెట్లనైతే పూడ్చారు గానీ విషం మట్టిలోనే ఉంది. సీసియం, స్ట్రాన్షియం సగానికి తగ్గాలంటేనే సుమారు 30 ఏళ్లు పడుతుంది.

మట్టిలో ఉన్నదాన్ని వేరు పీలుస్తుంది. రేడియేషన్ మొక్క కణంలోని జన్యువుల దారాన్ని తెంపుతుంది. కణం ఆ తెగినదాన్ని అతుక్కుంటుంది. అతుకు తప్పితే ఆ తప్పు విత్తనంలోకి దిగుతుంది. అక్కడి అరబిడాప్సిస్ అనే ఆవజాతి కలుపుమొక్క కాయలు ఒలిచి చూశారు. తొలి ఏళ్లలో గింజ కట్టకుండానే చచ్చిన పిండాలు ఎక్కువగా కనబడ్డాయి. విషం తగ్గేకొద్దీ అవీ తగ్గాయి. ఒకే గోధుమ విత్తనాన్ని చెడిన నేలలోనూ మంచి నేలలోనూ వేసి పోల్చిన పరిశోధన 2000లో అచ్చయింది. చెడిన నేలలో ఒక్క పంటకే జన్యుమార్పులు సుమారు 6 రెట్లు పెరిగాయి. ప్రతి మార్పూ చేటు చేస్తుందని మేము అనడం లేదు. కానీ కంటికి పచ్చగా ఉన్న చేనుకు లోపల దెబ్బ తగలలేదని ఎవరూ అనలేరు.

పుట్టుకలోనే మైల ఉందని మనల్ని తరతరాలు వెలివేసిన దేశమిది. మైల పుట్టుకలో లేదు. బలిసినవాళ్లు మన్నులో పోసినదే మైల. అదే పుట్టబోయేవాటి మీద పడుతుంది. చెర్నోబిల్ పక్కనున్న ప్రిప్యాత్ జనాన్ని మర్నాడు బస్సులెక్కించి తరలించారు. మొక్క ఎక్కడికి పోతుంది? ఉన్నచోటే ఉండి అనుభవించింది. మన ఊళ్లలో ఎక్కడికీ పోలేక ఉన్నచోటే పడి ఉండేదెవరో మనకు తెలీదా?

పేలిన రియాక్టరూ యురేనియం గనీ ఒకటి కాదు. అయినా యురేనియం తీశాక మిగిలే బురదలో రేడియం ఉంటుంది. అది సగానికి తగ్గడానికి 1600 ఏళ్లు. కడప జిల్లా తుమ్మలపల్లెలో గని ఉంది. నల్లమలలో తవ్వుతామంటే చెంచులూ జనమూ వద్దన్నారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ కూడా వద్దని తీర్మానించింది. తీర్మానం కాగితం మీదిది. కాపలా మనది.

గని మాట వచ్చిన ప్రతి ఊళ్లో మనం మూడు అడగాలి. తవ్వకముందే మట్టినీ నీళ్లనూ ఆకుకూరలనూ పరీక్ష చేయించాలి. ఆ లెక్క తెలుగులో రాసి గ్రామసభలో చదవాలి. ఏటేటా మళ్లీ పరీక్ష చేసి, పాత లెక్క పక్కన పెట్టి చూపాలి. ముందటి లెక్క చేతిలో లేకపోతే, రేపు నష్టం జరిగిందని మొత్తుకున్నా రుజువేదంటారు.

భూమి పట్టా మన పేర లేకపోవచ్చు. ఆ భూమిలో మొలిచిన కూర తినేది మాత్రం మన పిల్లలే. అడుగుదాం!