మందుచీటి మన నుడిలో నుండవలయును

గుండెపోటు వచ్చి, ఆసుపత్రినుండి ఇల్లు చేరిన పెద్దలను చూచి, గండము గడచినదని మనవారు ఊరట చెందుదురు. నిజమునకు జాగరూకత వహింపవలసినది ఆ దినమునుండియే యని మా అభిప్రాయము.

రెండు మూడు మాసములు నొప్పి లేకున్నచో మాత్రలు మానువారు మనలో అరుదు కారు. దీర్ఘవ్యాధులకు మందులు వాడువారిలో, సంపన్న దేశములందు సైతము, సుమారు సగము మందియే చెప్పిన ప్రకారము వాడుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో వెల్లడించినది.

ఒక్కొక్క మాత్రకు ఒక్కొక్క పని కలదు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు రక్తము గడ్డకట్టకుండ కాపాడును. స్టెంటు అమర్చుకొన్నవారు వీనిని తమంతట తాము మానినచో, ఆ స్టెంటులోనే రక్తము గడ్డకట్టి మరల గుండెపోటు రావచ్చును. స్టాటిన్ మాత్ర కొలెస్టరాలును తగ్గించి, రక్తనాళములందలి పూడికను అదుపున నుంచును. ఇవి రాబోవు ఆపదను ఆపునవి గనుక వీని మేలు కంటికి కానరాదు. చిగుళ్లనుండి నెత్తురు వచ్చినను, కడుపులో మంట కలిగినను వెంటనే వైద్యునకు చెప్పి మందు మార్పించుకొనవలయునే గాని, తామే మానరాదు.

ఇచట మనకు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. హోసూరు, బళ్లారి వంటి తావులందు తరతరములుగా నున్న మన ఇండ్లలో తెలుగు నోట నిలిచినది. చదువు మాత్రము తమిళమునో కన్నడమునో సాగినది. మందుచీటి ఇంగ్లీషున నుండును. అవ్వకు మాత్ర రంగు తెలియును, దాని పని తెలియదు. దుకాణమువారు వేరొక కంపెనీ మాత్ర నిచ్చినచో రంగు మారును; అవ్వ దానిని పక్కన పెట్టును.

రక్తపుపోటు, మధుమేహముల మందులను ఇంటికే చేర్చు పథకమును తమిళనాడు ప్రభుత్వము 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో ఆరంభించినది. మెచ్చదగిన పని. కాని మందు గడప దాటి వచ్చినంత మాత్రమున చాలదు. ఎందులకో తెలిసి గొంతు దిగవలయును.

కావున మన సంఘములకు మా విన్నపమిది. చదువుకొన్న యువతీయువకులు ఇంటింటి మందుచీటిని పెద్ద అక్షరములతో, తెలుగు మాటలలో, రోగి చదువగల లిపిలో వ్రాయవలయును. వేళ, మోతాదు, ప్రయోజనము అందుండవలయును. వ్రాసినదానిని వైద్యునకు చూపి సరిచూచుకొన్న పిమ్మటనే ఇంటివారి కీయవలయును. లిపి ఏదైనను మాట తెలుగైన చాలును.

మరియొక మాట. రోగిని మంచమునకు కట్టివేయుట ప్రేమ యనిపించుకొనదు. వైద్యుడు అనుమతించిన నడకను, పనిని, పెండ్లి పేరంటములను ఇంటివారు ఆటంకపరుపరాదు. గుండెపోటు వెంబడి దిగులు, నిద్రలేమి పలువురకు వచ్చును. దిగులు ముదిరినవారు మందులపై శ్రద్ధ వీడుదురు గనుక, దానిని సైతము వైద్యునకు తెలుపవలయును.

ప్రతి సంఘమును వచ్చు ఆదివారమే ఈ పనికి పూనుకొనును గాక.