మన మీద మనం నవ్వుకుందాం

ఉద్యమకారుడు నవ్వొద్దని ఎవరు చెప్పిండ్రు? అమీర్‌పేట హాస్టళ్లల్ల గ్రూప్స్ పుస్తకాల నడుమ ఒక హాస్య నవల కనబడితే ‘టైం వేస్టు’ అనే దోస్తులే ఎక్కువ. కానీ జెండా పట్టిన ప్రతి విద్యార్థి, యూనియన్ల తిరిగే ప్రతి ఉద్యోగి చదవాల్సిన నవల ఒకటున్నది. అది మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టర్ పార్వతీశం’.

కోస్తా రచయిత పుస్తకం మనకెందుకని కొందరు అడుగుతరు. మన కొట్లాట కొలువుల కోసం, నీళ్ల కోసం, గౌరవం కోసం. మంచి పుస్తకంతోని మనకు పంచాయితీ లేదు.

ఈ నవల మొదటి భాగం 1924ల వచ్చింది. మొగల్తూరు పిల్లగాడు పార్వతీశం బారిస్టరు చదువుకని ఇంగ్లండుకు బయలెల్లుతడు. దొరసానులు పెట్టుకునే టోపీ అని తెల్వక కొని నెత్తిన పెట్టుకుంటడు. గసొంటి అమాయకుడే మూడో భాగంల దేశానికి తిరిగొచ్చి, స్వాతంత్ర్యోద్యమంల దిగి జైలుకు పోతడు. ఇంకో ముచ్చట, కథ చెప్పేది పార్వతీశమే. తన తెలివితక్కువతనం తనే చెప్పుకొని మనల్ని నవ్విస్తడు. అందుకే అతని మీద మనకు గౌరవం తగ్గదు.

మనకు జరిగింది వేరు. తెలుగు సినిమా ఏండ్ల తరబడి మన యాసను రౌడీలకు, జోకర్లకు అంటగట్టింది. మందల మనల్ని చూసి నవ్వేసరికి మనకు నవ్వంటేనే అనుమానం పట్టుకున్నది.

2009 డిసెంబరుల పంజగుట్ట నిమ్స్‌ల కేసీఆర్ దీక్ష నడిచినప్పుడు, 2011ల సకల జనుల సమ్మె 42 రోజులు సాగినప్పుడు ఉద్యమంల ఉన్నోళ్లకు తెలుసు. మైకు దొరికితే ఇడువనోడు, బ్యానర్ల తన పేరు ఎక్కడున్నదని ఎతికేటోడు, ఒక్క లాఠీ దెబ్బను పది చేసి చెప్పేటోడు మన నడుమనే ఉన్నరు. వాళ్లే కోచింగులు వదిలిండ్రు, కేసులు మోసిండ్రు, జీతాలు పోగొట్టుకున్నరు. రెండూ నిజమే.

అమరుల త్యాగం మీద నవ్వుమంటలేను. వాళ్ల కోసం పాటలు కట్టుకున్నం, ఏడ్చినం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఇగ జేఏసీ టెంటు కింద తిరిగిన పిల్లగాడి కథను మన యాసల, అతని నోటితోనే, నవ్వుకుంట రాసేటోళ్లు కావాలె. తనను చూసి తాను నవ్వుకోలేని కార్యకర్త కుర్సీ ఎక్కంగనే దొరయితడు. దొరలను దించేటందుకు మనం ఎంత కొట్లాడినమో యాది మరువొద్దు.