గోల్కొండలో మనవడు అడిగిన ప్రశ్న

"దాదా, వీళ్ళు మన రాజులేనా?"

గోల్కొండ కోటలో ధ్వని-కాంతి ప్రదర్శన మొదలై అప్పటికి పది నిమిషాలు కూడా కాలేదు. చీకట్లో ఒక గోడ ఎర్రబారింది, దూరంగా గుర్రపు డెక్కల చప్పుడు వినిపించింది. ఆరో తరగతి చదువుతున్న మా మనవడు నా చెవి దగ్గరకు వంగి ఆ మాట అడిగాడు. ప్రదర్శన అయ్యాక చెబుతానన్నాను. నిజానికి అప్పటికప్పుడు ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఇంటికి వచ్చిన తరువాత చాలా రోజులు ఆ ప్రశ్న నన్ను వదలలేదు. అది మా ఇంటి ప్రశ్న మాత్రమే కాదనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను.

మాది సెంటినరీ కాలనీ. నా కొడుకు సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనిలో ఉద్యోగి. షిఫ్టులు, ఓవర్‌టైములు, పిల్లల పరీక్షల మధ్య కుటుంబమంతా కలిసి నాలుగు రోజులు బయటికి వెళ్ళడం మా బొగ్గు ప్రాంతంలో అరుదు. ఈసారి సెలవులు కుదిరాయి. రామగుండంలో రైలెక్కి హైదరాబాద్ చేరి, టోలీచౌకీలో బంధువుల ఇంట్లో దిగాం. మరునాడు పొద్దున కుతుబ్‌షాహీ సమాధులు, మధ్యాహ్నం గోల్కొండ కోట, సాయంత్రం ప్రదర్శన చూడాలనుకున్నాం. నా కొడుకు చిన్నవాడుగా ఉన్నప్పుడు వాణ్ణి ఇదే ప్రదర్శనకు తీసుకువచ్చాను. అప్పట్లో అమితాబ్ బచ్చన్ గొంతు కోట కథ చెప్పేది. ఇప్పుడు వాడి కొడుకుతో వచ్చాను.

సమాధుల ప్రాంగణాన్ని చూసి సంతోషించాను. 106 ఎకరాల ఆ ఆవరణలో 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు, రాష్ట్ర ప్రభుత్వం కలిసి పదేళ్ళకు పైగా మరమ్మతులు చేయించాయి. ఒకప్పుడు పిచ్చిమొక్కలతో నిండిన మెట్లబావుల్లో నేడు నీళ్ళున్నాయి. ఆ బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో పురస్కారం లభించింది. సున్నం కొట్టినవారు, రాళ్ళు చెక్కినవారు పాత పద్ధతుల్లోనే పని చేశారు. శిథిలాన్ని మళ్ళీ నిలబెట్టవచ్చునని పిల్లలకు చూపించడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

కోటలో బాలాహిస్సార్ ద్వారం కింద నా కోడలు చప్పట్లు కొట్టింది. ఆ శబ్దం పైన కొండ మీద వినిపిస్తుందని గైడు చెప్పగా పిల్లలు పరుగున మెట్లెక్కారు. నా మోకాళ్ళు సగంలోనే మొరాయించాయి. ఆ సగం దూరంలోనే రామదాసు బందీఖానా, ఇబ్రహీం మసీదు, శిఖరం దగ్గర అమ్మవారి గుడి ఒకే కొండ మీద ఉన్న సంగతి వాళ్ళకు చూపించాను. ఏటా ఆషాఢంలో హైదరాబాద్ బోనాలు మొదలయ్యేది ఆ గుడి దగ్గరే.

సాయంత్రం ప్రదర్శన బాగుంది. చీకటి, వెలుగు, సంగీతం కలిసి రాళ్ళకు ప్రాణం పోస్తాయి. ఈ కళ పుట్టింది ఫ్రాన్సులో. 1952లో షాంబో కోటలో మొదటిసారి ఇలాంటి ప్రదర్శన జరిగింది. పుస్తకంలో పది పేజీలు చదవని పిల్లవాడు ఇక్కడ గంటసేపు కదలకుండా కూర్చుంటాడు. ఆ బలం కారణంగానే ఇలాంటి ప్రదర్శనల్లో వెలుగు ఎవరి మీద పడుతోంది, ఎవరు చీకట్లో మిగిలిపోతున్నారు అన్న ప్రశ్న ముఖ్యమవుతుంది. సాధారణంగా వెలుగు పడేది రాజుల మీద, వారి ప్రేమల మీద, వజ్రాల మీద, యుద్ధాల మీద.

ఆ రాత్రి బంధువుల ఇంట్లో పడుకునే ముందు మనవణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని, అలా ఎందుకు అడిగావని అడిగాను. కాసేపు తటపటాయించి చెప్పాడు. బడిలో తోటి పిల్లవాడొకడు "మీ రాజులే కదా గుళ్ళు కూలగొట్టింది" అన్నాడట. మావాడు ఏమీ అనలేకపోయాడు. "వాళ్ళు మన రాజులైతే నేను సారీ చెప్పాలా దాదా?" అని అడిగాడు.

పదకొండేళ్ళ పిల్లవాడు మూడు నాలుగు వందల ఏళ్ళ కిందటి రాజుల లెక్క తన నెత్తిన వేసుకుని తిరుగుతున్నాడు. మన కాలంలో ముస్లిం పిల్లల మీద పడిన బరువు ఇది. పుస్తకాల సంచి కన్నా బరువైనది.

ఇటువంటి ప్రశ్నకు మన ఇళ్ళలో రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. మొదటిది, "అవును, మన రాజులే. ఈ నేలను మనం ఏలాం" అని మీసం దువ్వడం. రెండవది, "ఆ గొడవలు మనకెందుకు, నోరు మూసుకుని చదువుకో" అనడం. మొదటిది అబద్ధం, రెండవది భయం. ఈ రెండూ పిల్లవాడిని ఆ తోటి పిల్లవాడి మాటకే కట్టిపడేస్తాయి. రాజుల మతాన్ని బట్టి రాజులు మనవారైపోతారని ఇద్దరూ ఒప్పుకున్నట్టే అవుతుంది.

ఆ కోట చరిత్రే ఈ లెక్కను ఒప్పుకోదు. ఇబ్రహీం కుతుబ్ షా రాజు కాకముందు ప్రాణభయంతో పారిపోయి ఏడేళ్ళు విజయనగరంలో రామరాయల ఆశ్రయంలో గడిపాడు. అక్కడే తెలుగు మీద ప్రేమ పెంచుకున్నాడు. అద్దంకి గంగాధర కవి తన 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. తెలుగు కవులు ఆయనను 'మల్కిభరాముడు' అని పిలుచుకున్నారు. ఆయన అధికారి అమీన్‌ఖాన్‌కు పొన్నెగంటి తెలగనార్యుడు అంకితమిచ్చిన 'యయాతి చరిత్ర' తొలి అచ్చ తెలుగు కావ్యంగా పేరు పొందింది. అయితే తనకు అన్నం పెట్టిన రామరాయల మీద 1565లో మిగతా సుల్తానులతో కలిసి యుద్ధానికి వెళ్ళినవాడూ ఆ ఇబ్రహీమే. ఆశ్రయమిచ్చినప్పుడు మతం అడ్డు రాలేదు, యుద్ధం వచ్చినప్పుడు స్నేహం అడ్డు రాలేదు. రాజ్యం నడిచే తీరు అది.

చివరి సుల్తాన్ అబుల్ హసన్ తానాషా పాలనను నడిపినవారు హనుమకొండకు చెందిన బ్రాహ్మణ సోదరులు అక్కన్న, మాదన్నలు. వారి మేనల్లుడే కంచెర్ల గోపన్న. ప్రభుత్వ సొమ్మును అనుమతి లేకుండా ఖర్చు చేస్తే ఏమవుతుందో నా వంటి గుమాస్తాలకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ తహసీల్దారు భద్రాచలంలో రాముడికి గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలయ్యాడు. ఆయన పడిన బాధ నిజం, దాన్ని దాచనక్కరలేదు. అదే భద్రాచలానికి శ్రీరామనవమినాడు ప్రభుత్వం పంపే ముత్యాల తలంబ్రాల సంప్రదాయం తానాషా కాలం నుంచి వస్తోందని జనం చెప్పుకునేదీ దాచనక్కరలేదు.

ఇక 1687లో గోల్కొండను ఎనిమిది నెలలు ముట్టడించి కూల్చినవాడు ఔరంగజేబు. గెలిచినవాడు ముస్లిం, ఓడినవాడు ముస్లిం, లంచం తీసుకుని రాత్రివేళ కోట తలుపు తెరిచినవాడూ ముస్లిమే. ఒళ్ళంతా గాయాలైనా కత్తి దించని అబ్దుల్ రజాక్ లారీ ఇరాన్ నుంచి వచ్చినవాడు. ఓడిన తానాషా దౌలతాబాద్ ఖైదులోనే కన్నుమూశాడు. తన పూర్వీకుల సమాధుల మధ్య ఆయనకు చోటు దక్కలేదు. వీరిలో ఎవరిని "మనవాడు" అనాలి? దేని కోసం పిల్లవాడు క్షమాపణ చెప్పాలి?

సుల్తానులు మంచివారని నేను వాదించడం లేదు. వారు యుద్ధాలు చేశారు, పన్నులు పిండారు, ఆలయాలకు హాని జరిగిన సందర్భాలూ ఉన్నాయి. వాటిని చెప్పాలి. పూర్తిగా చెప్పాలి.

పూర్తిగా చెప్పడమంటే రాజుల దగ్గర ఆగిపోకపోవడం కూడా. గోల్కొండ వజ్రాల గురించి ప్రపంచమంతా మాట్లాడుతుంది. ఆ వజ్రాలు గోల్కొండలో దొరకలేదు, కృష్ణా తీరంలోని కొల్లూరు వంటి గనుల్లో దొరికాయి. పదిహేడవ శతాబ్దంలో అక్కడికి వెళ్ళిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, కొల్లూరులో దాదాపు 60 వేల మంది పని చేసేవారని రాశాడు. అందులో ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్నారు. మగవాళ్ళు తవ్వితే వాళ్ళు మట్టి మోసేవారు. ఆ అరవై వేల మందిలో ఒక్కరి పేరు మనకు తెలియదు. వజ్రం మెరుపు చూపించే ప్రదర్శనలు ఆ చేతులను చూపించవు. గనుల మధ్య బతికే మాకు ఆ లోటు వెంటనే తెలుస్తుంది. బొగ్గు వెలుగు నగరానికి చేరుతుంది, తవ్వినవాడి ముఖం చేరదు.

మా ముత్తాతలు సుల్తానులు కారు. తెలుగు నేల మీది ముస్లింలలో అత్యధికులు దూది ఏకినవారు, బట్టలు నేసినవారు, సిపాయిలుగా, కూలీలుగా, గని కార్మికులుగా బతికినవారు. సుల్తాను పన్ను పెంచితే మా ముత్తాత నెత్తినా పడింది, పక్కింటి వారి ముత్తాత నెత్తినా పడింది. ఆ ఇద్దరి చరిత్రే మన చరిత్ర.

ముప్పయ్యేళ్ళకు పైగా ఫైళ్ళ మధ్య గడిపినవాడిగా నేను నేర్చుకున్నది ఒకటుంది. ఫైలులో ఉన్న కాగితాలతో పాటు, లేని కాగితం కూడా నిర్ణయాన్ని మారుస్తుంది. ఎవరో ఒక పుట తీసేస్తే చదివేవాడికి అది ఎప్పుడూ లేనట్టే ఉంటుంది. 2023లో పన్నెండవ తరగతి ఎన్‌సీఈఆర్‌టీ చరిత్ర పుస్తకం నుంచి మొఘల్ దర్బారుల పాఠం తొలగించారు. పాఠ్యపుస్తకం సన్నబడినకొద్దీ సినిమా, ఫోను, ఇలాంటి ప్రదర్శనలే పిల్లల చరిత్ర పుస్తకాలవుతాయి. అందువల్ల వాటి కథనం ఎవరు రాస్తున్నారో అడగడం పౌరుల బాధ్యత.

ఇది మన దేశపు సమస్య మాత్రమే కాదు. ఫ్రాన్సులోని వాందే ప్రాంతంలో 'పుయ్ దు ఫూ' అనే పెద్ద చారిత్రక వినోద ఉద్యానం ఉంది. 1978లో ఒక రాత్రి ప్రదర్శనగా మొదలైంది. నేటికీ ఆ రాత్రి ప్రదర్శనలో చుట్టుపక్కల ఊళ్ళవారు వేలాదిగా స్వచ్ఛందంగా వేషాలు కడతారు. గుర్రాలు, కత్తియుద్ధాలు, మంటలు చూడటానికి దేశదేశాల కుటుంబాలు వెళ్తాయి. దాన్ని స్థాపించినవాడు ఫిలిప్ ద విల్లియే అనే మితవాద రాజకీయ నాయకుడు. అక్కడి కథనం రాచరికం వైపు, చర్చి వైపు మొగ్గి చరిత్రను వంచుతోందని నలుగురు ఫ్రెంచి చరిత్రకారులు 2022లో ఒక పుస్తకమే ప్రచురించారు. వినోదం పేరుతో వచ్చిన చరిత్రను కూడా పరీక్షకు పెట్టవచ్చునని వారు చూపించారు. ఊరి ప్రజలే పాత్రధారులైన పద్ధతి నుంచీ, ఆ చరిత్రకారుల నిఘా నుంచీ మనం నేర్చుకోదగింది ఉంది.

మన రాజ్యాంగం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. జాతీయ ప్రాధాన్యం గల కట్టడాలను కాపాడటం రాజ్యం బాధ్యత అని 49వ అధికరణ చెబుతుంది. మన సమ్మిళిత సంస్కృతి వారసత్వాన్ని గౌరవించి కాపాడటం ప్రతి పౌరుడి విధి అని 51-ఎ అధికరణలోని ఎఫ్ క్లాజు చెబుతుంది. 'సమ్మిళిత' అన్న మాట అక్కడ ఊరికే పడలేదు. కాబట్టి మనం అడగవలసింది దయ కాదు. ప్రజాధనంతో నడిచే ప్రతి చారిత్రక ప్రదర్శన కథనాన్ని తెలుగు, ఉర్దూ, పార్శీ ఆధారాలు చదివిన చరిత్రకారులు పరిశీలించాలి. అందులో తెలగనార్యుడికి, మాదన్నకు, హయాత్ బక్షీ బేగానికి, కొల్లూరు కూలీలకు చోటుండాలి. జిల్లాల నుంచి వచ్చే ప్రభుత్వ బడి పిల్లలకు ప్రవేశం ఉచితంగా, కథనం తెలుగులో దొరకాలి. ఈ మాటలతో పర్యాటక శాఖకు, మన శాసనసభ్యులకు విజ్ఞాపన పంపడం ఏ ఊరి సంఘానికైనా చేతనైన పని.

అడగడంతో పాటు చేయవలసినదీ ఉంది. సమాధుల దగ్గర బిర్యానీ తిని, ఫొటోలు దిగి, గోడ మీద పేరు గీకి వచ్చేవారిలో మనవాళ్ళూ ఉన్నారు. వెళ్ళే ముందు పిల్లలకు ఒక గంట చరిత్ర చెప్పి తీసుకువెళ్ళాలి. హైదరాబాద్ దాకా వెళ్ళలేని వారికి దగ్గరలోనే కోటలున్నాయి. మా కాలనీ వారికి రామగిరి ఖిల్లా ఉంది. కాకతీయుల కాలం నుంచి కుతుబ్‌షాహీల దాకా ఎందరి చేతులో మారిన కోట అది. వానాకాలం తరువాత మా కాలనీ పిల్లలను, అన్ని ఇళ్ళ పిల్లలను, అక్కడికి తీసుకెళ్ళాలని కొందరు పెద్దలం అనుకున్నాం. దీపాలూ సంగీతమూ ఉండవు. పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయులు, గని కార్మికులు తమకు తెలిసింది చెబుతారు. మా మనవడి తోటి పిల్లవాణ్ణి కూడా పిలవమని చెప్పాను. తప్పు ఆ పసివాడిది కాదు. వాడికి ఎవరో సగం కథ చెప్పారు, అంతే.

ఆ రాత్రి మనవడికి నేను చెప్పిన జవాబు చిన్నది. "బేటా, వాళ్ళు మన రాజులు కారు, ఆ కాలానికి రాజులు. ఆ కోట మాత్రం మనది. నీదీ, నీ స్నేహితుడిదీ. నువ్వు సారీ చెప్పనక్కరలేదు, గొప్పలూ చెప్పుకోనక్కరలేదు."

వాడు కాసేపు ఆలోచించి, "అయితే ఆ వజ్రాలు తవ్వినవాళ్ళు అబ్బా లాంటివాళ్ళేనా?" అని అడిగాడు.

అవునన్నాను.