పేగుబంధం ఒక్కటే చాలునా?

"కాకి పిల్ల కాకికి ముద్దు" అన్నారు మన పెద్దలు. పిల్లకు కాకి ముద్దో కాదో మాత్రం చెప్పలేదు! పైగా కోకిల గుడ్డును పొదిగి పెంచేదీ ఆ కాకే. గూట్లో నోరు తెరిచిన కోకిల పిల్లకు తిండి తెచ్చినదే తల్లి.

మనుషుల లెక్క అంత సులువు కాదు. పేగుబంధం ఒట్టి మాటేమీ కాదు. కడుపులో ఉండగానే బిడ్డకు తల్లి గొంతు తెలుస్తుంది. 1980లో అమెరికాలో డికాస్పర్, ఫైఫర్ అనే శాస్త్రజ్ఞులు, పుట్టి మూడు రోజులైనా నిండని పసికందుల నోట్లో పాలు రాని పీక పెట్టి చూశారు. ఒక తీరుగా చప్పరిస్తే తల్లి గొంతు, మరో తీరుగా చప్పరిస్తే వేరే ఆవిడ గొంతు వినిపించే ఏర్పాటు. పిల్లలు తల్లి గొంతు వచ్చేలాగే చప్పరించారు. 1993లో జరిగిన మరో పరీక్షలో రెండు రోజుల పిల్లలు పరాయి భాషకంటే తల్లి భాషనే ఎక్కువసేపు విన్నారు. చుట్టూ ఒడియా వినిపించే ఊళ్ళో తెలుగు ఇళ్ళు నిలుపుకుంటున్న మనకు ఇది తీపి కబురే.

కాని అది మొదలు మాత్రమే. 1958లో హార్లో అనే ఆయన కోతి పిల్లలకు రెండు బొమ్మ తల్లులను చేసి పెట్టాడు. ఒకటి ఇనుప తీగది, పాలసీసా దానికే. ఇంకొకటి మెత్తటి గుడ్డది, పాలు లేవు. పిల్లలు పాలు తాగేంతసేపే తీగ తల్లి దగ్గర ఉండి, మిగతా పొద్దంతా గుడ్డ తల్లిని కరుచుకునే ఉన్నాయి. కాకి లెక్క అక్కడ తప్పింది.

మా బ్రాంచిలో ఒక అమ్మాయి 26 వారాల ప్రసూతి సెలవు ముగించుకుని వచ్చింది. పాపను అత్తగారు చూసుకుంటున్నారు. నెల తిరిగేసరికి, "రాజీనామా ఇచ్చేస్తాను సార్. సాయంత్రం నేను చేతులు చాస్తే నాయనమ్మ భుజం వదలదు" అంది. చిత్రమేమిటంటే, పిల్లలు కొత్తవాళ్ళను చూసి బెదిరి, తమవాళ్ళను పట్టుకుని వేలాడే వయసు ఇంచుమించు ఏడెనిమిది నెలలే. సెలవు అయిపోయేది దానికి కాస్త ముందే.

"నీ పాపకు అమ్మ పోలేదమ్మా, ఇంకొక మనిషి కూడా దొరికింది" అన్నాను. నా మాట కాదిది. మేరీ ఐన్స్‌వర్త్ 1950లలో ఉగాండా పల్లెల్లోనూ, తరువాత బాల్టిమోర్‌లోనూ తల్లీబిడ్డలను ఇళ్ళలో కూర్చుని గమనించింది. బిడ్డ ఏడుపుకు అర్థం తెలుసుకుని పలికినవారి దగ్గర ధీమా ఏర్పడుతుందని ఆమె తేల్చింది. బిడ్డ ఒకరికంటే ఎక్కువమందికి అలవాటు పడుతుంది. 2000లో రుమేనియా అనాథాశ్రమాల్లో మొదలైన అధ్యయనంలో, రెండేళ్ళలోపు పెంపుడు ఇళ్ళకు చేరిన పిల్లలు ఆ ఇంటివాళ్ళతో బాగా పెనవేసుకున్నారు. పేగూ లేదు, రక్తమూ లేదు.

డబ్బు అవసరమో, ఒంట్లో ఓపికో చూసుకుని ఉద్యోగం మానుకుంటే అది వేరు. పిల్ల పరాయిదైపోతుందన్న భయంతో మానుకోవద్దని నా అభిప్రాయం. ఇంటికి రాగానే ఫోను పక్కన పడేసి స్నానం, అన్నం, జోల తానే చూసుకోవాలి. తండ్రులకూ ఇదే మాట. తువ్వాలు అందించి పేపరు పట్టుకుంటే సరిపోదు.

పిల్లలకు కష్టం చూసేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నప్పుడు కాదు, మూడు నెలలకోసారి మారిపోతున్నప్పుడు. కనుక నాయనమ్మ ఊరెళ్ళేటప్పుడు పిల్లకు కనబడకుండా దొడ్డిదారిన జారుకోకూడదు. కాసేపు ఏడిచినా సరే, చెప్పి, ముద్దు పెట్టి వెళ్ళాలి.