రివర్ సాంగ్ చుట్టూ అల్లిన ఊహలు
బ్రిటన్ టీవీ ధారావాహిక 'డాక్టర్ హూ'లో రివర్ సాంగ్ 2008లో అడుగుపెట్టింది. నీలిరంగు డైరీ తిరగేస్తూ, మనం ఎక్కడిదాకా కలిశామని, కాలంలో ప్రయాణించే కథానాయకుడు డాక్టర్‌ను ఆరా తీస్తుంది. ఆయనకేమో ఆమె ఎవరో తెలియదు. అయినా ఆయన అసలు పేరు ఆయన చెవిలోనే చెబుతుంది. భార్య అన్నారు, డాక్టర్‌కే మరో రూపమన్నారు అభిమానులు. ఇలా ఊహించడం పనిలేని కాలక్షేపం కాదు. కాలం తలకిందులైన కథలో ఫలితం ముందొస్తుంది, కారణం వెనకొస్తుంది. వాటిని కలపకుండా చూడటం సాధ్యం కాదు.

ముందే ఊహిస్తే ఉత్కంఠ చస్తుందంటారు. కానీ 2011లో రివర్, డాక్టర్ సహప్రయాణికులైన అమీ, రోరీల కూతురని తేలింది. ముందే పసిగట్టినవారికైనా, పసిబిడ్డగా ఆమెను ఎత్తుకుపోయాక అమీ పడిన కడుపుకోత తగ్గలేదు. రచయిత స్టీవెన్ మోఫట్ గుట్టు కంటే ఆ బంధాన్నే బలంగా రాశాడు.